కట్టు అను క్రియాపదము



గత శ్రావణమాసములో ఒక ఉదయమున మా దౌహిత్రుడు నా ఎదుట నిలిచి మెడ చాచినాడు. వాని చేతిలో నీలిరంగు గుడ్డపట్టీ ఒకటి ఉన్నది. "తాతా, టై కట్టవా? బళ్ళో ఫంక్షన్ ఉంది. అమ్మకు రాదట" అన్నాడు. ముప్పదియేండ్లకు పైగా వధూవరులకు కంకణములు కట్టినవాడను, ఎన్ని యజ్ఞోపవీతములకు బ్రహ్మముడి వేసితినో లెక్క లేదు. నాకు రాని ముడి ఒకటి లోకములో ఉన్నదని ఆనాడు తెలిసినది. ఎవరో చేసి చూపిన వీడియోను ఫోనులో చూచి, నాలుగు మారులు విప్పి, అయిదవ మారు ఎట్లో కట్టితిని.

వాడు అద్దములో చూచుకొనుచు ఒక మాట వేసినాడు. "టై అంటే ఇంగ్లీషులో చాలా అర్థాలు ఉన్నాయి తాతా. తాడుతో కట్టేయడమూ టైయే, మెడకు వేసుకునేదీ టైయే, మ్యాచ్‌లో ఇద్దరి స్కోరూ సమానమైతే అదీ టైయే. మన కట్టుకు అన్ని లేవు కదా?"

నాలోని తెలుగు అభిమానమునకు ఆ మాట తగిలినది. ఆ సాయంకాలము పాత పంచాంగపు అట్ట వెనుక ఇద్దరమును వ్రాయ మొదలుపెట్టితిమి. ఆవును కొయ్యకు కట్టుదుము. ఆ ఆవే చూడి కట్టును. చీర కట్టుదురు, ఇల్లు కట్టుదురు, పిట్ట గూడు కట్టును. మడికి నీళ్ళు కట్టుదురు. ప్రభుత్వమునకు పన్ను కట్టుదురు, బడికి ఫీజు కట్టుదురు, వస్తువునకు వెల కట్టుదురు, పందెము కట్టుదురు. రాజునకు పట్టము, నర్తకికి గజ్జెలు, పాటకు వరుస, దేవునికి ముడుపు, వాకిటికి తోరణము, అన్నియు కట్టవలసినవే. చలికి నెయ్యి గడ్డ కట్టును. జాతరకు జనము బారులు కట్టుదురు. పాపము మూట కట్టుకొందురు. గాయమునకు వేసినది కట్టు, పెద్దలు పెట్టినది కట్టుబాటు, లేనిదానిని అల్లినది కట్టుకథ. భార్యాభర్తలు ఒకరికొకరు కట్టుకున్నవారు. అట్ట నిండకముందే పిల్లవానికి విసుగు పుట్టి ఆటకు పోయినాడు. నేను మాత్రము అక్కడనే కూర్చుండిపోయితిని.

నన్ను నిలిపివేసినవి రెండు మాటలు. ఒకటి కనికట్టు. గారడివాడు చూపరుల కన్నులను కట్టును. ఉన్నది కనబడదు, లేనిది కనబడును. వేదాంతులు అవిద్యకు చెప్పు ఆవరణ విక్షేప శక్తులు రెండును ఆ పల్లెమాటలో ఇమిడియున్నవి. రెండవది, కన్నులకు కట్టినట్లు అనుట. పురాణము బాగుగా చెప్పిన పౌరాణికుని గూర్చి మన తల్లులు అనుమాట అది. రామపట్టాభిషేకము కన్నులకు కట్టినదందురు. అనగా ప్రత్యక్షమైనది. అదే కన్ను, అదే కట్టు. ఒకచోట మూయుచున్నది, మరియొకచోట చూపుచున్నది. ఈ రెండింటికి నడుమ భేదము ఎక్కడ ఉన్నది?

ధాతుపాఠమును తెరచితిని. క్ర్యాదిగణములోని బంధ ధాతువు అందరికిని పరిచితమే. బంధము, నిబంధన, సంబంధము, ప్రబంధము దాని సంతానమే. బంధువు అను మాట కూడ అక్కడిదే. బంధువనగా మనలను కట్టి ఉంచువాడు. దివాదిగణములో ణహ ధాతువునకు కూడ బంధనమే అర్థము. యుద్ధమునకు చేయు సన్నాహమును, కాలికి కట్టుకొను ఉపానహమును దానినుండి పుట్టినవి. ఇంక షిఞ్ ధాతువు. దానికిని బంధనమే అర్థము, దానినుండి పుట్టినది సేతువు. సేతువనగానే మన మనస్సు రామేశ్వరమునకు పోవును, దాటుటకు కట్టిన వారధి అని తలతుము. కాని నీటికి అడ్డముగా వేసిన కట్ట కూడ సేతువే. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయమున ఆత్మను సేతువనినపుడు, లోకములు ఒకదానిలో ఒకటి కలిసి చెదరిపోకుండ నిలిపి ఉంచునది అను భావముననే చెప్పినది. అది పొలముగట్టును, చెరువుకట్టను ఎరిగినవారి ఉపమానము.

చెరువుకట్ట సంగతి మా నల్లగొండవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పట్టణమునకు ఆనుకొనియున్న పానగల్లులో కందూరి చోడుల కాలమునాటి ఉదయసముద్రము ఉన్నది. ఇపుడు కృష్ణాజలములు ఎత్తిపోతలమీద వచ్చి దానిలో నిలుచుచున్నవి. ఛాయా సోమేశ్వరుని దర్శనమునకు పోయినపుడెల్ల ఆ కట్టమీద కొంతదూరము నడచుట నాకు అలవాటు. గర్భాలయములో పగలంతయు నిలిచియుండు ఆ స్తంభచ్ఛాయను చూచుటకు దూరదేశములనుండి వచ్చువారు కట్టవైపు కన్నెత్తియైనను చూడరు. నా మట్టుకు నాకు, ఛాయ ఎంత అద్భుతమో కట్టయు అంత అద్భుతము. చిన్ననాట ఒక నీరటి నాకు చెప్పిన మాట ఇప్పటికిని జ్ఞాపకమున్నది: కట్ట పోయుట కష్టము కాదు, తూము ఎక్కడ పెట్టవలెనో, మత్తడి ఎంత ఎత్తున ఉండవలెనో తెలియుటయే కష్టము. తూము లేనిచో నీరు ఎవరికిని అక్కరకు రాదు. మత్తడి లేనిచో తొలి పెద్దవానకే కట్ట తెగును. విడుచు దారిని ముందుగా నిర్ణయించిన పిదపనే కట్టవలెను. మా ప్రాంతమున ఆ కట్టమీద కట్టమైసమ్మను నిలిపి కొలుచుట ఊరక వచ్చిన ఆచారము కాదు.

పోచంపల్లి నేతగాండ్ర ఇండ్లలో కూడ ఇదే చూచితిని. నేయుటకు ముందే నూలుపోగులను కట్టలు కట్టలుగా చేసి, నమూనా ప్రకారము అక్కడక్కడ రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచుదురు. కట్టినచోట రంగు ఎక్కదు. ఆరిన తరువాత ఆ కట్లను విప్పి, వేరొకచోట కట్టి, వేరొక రంగులో ముంచుదురు. అన్ని కట్లును విప్పిన తరువాతనే చీరమీద పూవు కనబడును. మేము దీక్షాకంకణము కట్టిన పిదప యజమానునికి నడుమ వచ్చిన ఆశౌచము అంటదని ధర్మశాస్త్రము చెప్పుట, దానికి ప్రమాణవచనములు వల్లించుట నాకు వచ్చును. కాని అది మనస్సునకు పట్టినది ఆ నేతగాని పెరటిలో, రంగునీటి బాన ప్రక్కన నిలిచినపుడు.

మా వృత్తియే కట్టుట. దేవునిని కూడ మేము విడువము. లక్క, గుగ్గిలము, మైనము మొదలైనవి కూర్చి దంచి అష్టబంధనము చేసి, మూర్తిని పీఠమునకు బంధింతుము. యశోద త్రాడు రెండంగుళములు చాలక మరల మరల ముడివేసినది గదా; ఆమె అలసట చూచి స్వామి తానే కట్టుబడినాడు. మా అష్టబంధనమును అట్టిదేనని నా భావన, ఆయన ఒప్పుకొనుటవలన నిలిచినది. కట్టుటకు ఎంత విధి ఉన్నదో విప్పుటకును అంత విధి ఉన్నది. శ్రీశైలము జలాశయములో మునుగవలసిన కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి తిరిగి కట్టినారు. జటప్రోలు, సోమశిల ఆలయములును అట్లే స్థలము మారినవి. ఆగమము ప్రకారము అట్టి పనికి ముందు మూర్తిలోని కళను కుంభములోనికి ఆకర్షింపవలెను. ఊరక గడ్డపార వేయరాదు.

చిన్న కర్మలలోను ఇంతే. వ్రేలికి పెట్టిన దర్భపవిత్రమును కర్మాంతమున ముడి విప్పియే విడువవలెను. కంకణమునకు విసర్జనము ఉన్నది. ఆవాహనకు ఉద్వాసన ఉన్నది. ధ్వజమునకు ఆరోహణము ఎట్లో అవరోహణమును అట్లే. వివాహములో మా ఆపస్తంబులు వధువు నడుమునకు యోక్త్రమను దర్భత్రాటిని కట్టుదురు, తరువాత దానిని విడుతురు. దర్శపూర్ణమాసములందు యజమానపత్నికిని ఈ యోక్త్రమే. దానిని విడుచునపుడు వరుణపాశమును విడుచుచున్నామని మంత్రము. నేటి పెండ్లిపందిళ్ళలో కట్టునపుడు కెమెరాలన్నియు ముందుకు వచ్చును. విడుచునపుడు ఒక్కరును ఉండరు, అందరును భోజనముల దగ్గర ఉందురు. పురోహితుడు కూడ తొందరలో ఉండును. నేను ఆ తొందరలో ఎన్నిమారులు పడితినో చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

విప్పు విధి కలిగిన కట్టు రక్ష, అది లేని కట్టు పాశము. ధాతువులు, చెరువులు, చీరలు చూచి నేను ఇంతదూరము వచ్చితిని. ఇది నాకు సంతృప్తిగా ఉండెడిది, ఉపన్యాసములలో చెప్పుటకు కూడ బాగుండెడిది. అయితే రెండు సంగతులు దీనిని నాకు అంత సుఖముగా ఉండనీయలేదు.

మొదటిది మా ఆలయప్రాకారము కట్టినపుడు జరిగినది. పనికి పాలమూరు కూలీలు వచ్చిరి. దేశమంతట ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టిన చేతులు వారివి. గుంపుమేస్త్రీ వద్ద ముందుగా పైకము పుచ్చుకొని, అది తీరువరకు ఎక్కడికి పంపిన అక్కడికి పోయి పనిచేయుట తరతరములుగా వారి బ్రదుకు. నైజాము పాలనలో దొరల గడీలలో వెట్టి ఎట్లుండెనో నల్లగొండ పెద్దలు కథలుగా చెప్పెడివారు. వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. అయినను అప్పు అను త్రాడు కంటికి కనబడునది కాదు గదా. తీర్థము పుచ్చుకొనుటకు వచ్చిన ఒక వృద్ధునితో మాటలాడుచు, ఇంత చక్కని గోడ కట్టితివి, పుణ్యము నీదేనంటిని. ఆయన నవ్వి, "పిల్ల పెండ్లికి మేస్త్రీకాడ అడ్వాన్సు తీసుకున్న అయ్యగారూ. ఎన్ని గోడలు కట్టినా అది తీరుత లేదు. కట్టుడే మా చేతుల ఉన్నది, ఇడిపించుకొనుడు మా చేతుల లేదు" అన్నాడు. గోడ కట్టుట, అప్పు కట్టుట, పెండ్లిలో తాళి కట్టించుట, మూడును ఒక్క మాటయే. ఆ మూడవది మావంటివారి పని. ఆ పెండ్లికి ఎంత ఖర్చయినదో పురోహితునికి ఎప్పుడైన తోచునా?

ఆ రాత్రి ఐతరేయ బ్రాహ్మణములోని శునఃశేపోపాఖ్యానము జ్ఞాపకమునకు వచ్చినది. ఆకలితో అడవిలో ఉన్న అజీగర్తునికి ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి విడువడు, చిన్నవానిని తల్లి విడువదు. నడిమివాడు శునఃశేపుడు నూరు గోవులకు అమ్ముడుపోయినాడు. యజ్ఞశాలలో వానిని యూపమునకు కట్టుటకు ఎవరును ముందుకు రారు. మరియొక నూరు గోవులిచ్చిన నేనే కట్టెదనని తండ్రి వచ్చినాడు. ఈ కథ చెప్పునపుడు మనము హరిశ్చంద్రుని మాట తప్పుటను, విశ్వామిత్రుని దయను చెప్పి ముగింతుము. కాని శ్రుతి ఆ నూరు గోవుల లెక్కను విడిచిపెట్టలేదు. అమ్ముటకు వేరు వెల, కట్టుటకు వేరు వెల. కట్టుట అనునది తనంతట తాను ఒక కర్మ అనియు, దానికి కర్త ఒకడు ఉండవలెననియు ఆ లెక్క చెప్పుచున్నది.

బంధమోక్షములకు మనస్సే కారణమని నేను వేదికలమీద నూరుమారులు చెప్పియుందును. అది ఉపనిషద్వాక్యార్థము, దానిలో నాకు సందేహము లేదు. గౌడపాదాచార్యులు వైతథ్యప్రకరణములో పరమార్థదృష్టికి బద్ధుడును లేడు, ముక్తుడును లేడని తేల్చిరి. మా జిల్లాలోని మహాసాగరమునకు పేరైన నాగార్జునాచార్యుడును మూలమధ్యమకకారిక పదునారవ ప్రకరణమున బంధమోక్షములనే పరీక్షించి, కట్టుబడినవానిని మరల కట్టనక్కరలేదు, కట్టుబడనివానికి బంధమే లేదు అను త్రోవన తర్కించినాడు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిన ఆ 124 మీటర్ల రాతికట్టడము వేలమంది కూలీల తలలమీద మోసిన రాళ్ళతో లేచినది. ఆ రాళ్ళు మోసినవాని యొద్ద నిలిచి, బంధము లేదు నాయనా, నీ మనస్సే కారణము అనగలనా? అనలేను. ఆ మాటను తనకు తాను చెప్పుకొనినచో వేదాంతము. అప్పు ఇచ్చినవాని పక్షమున ఎదుటివానికి చెప్పినచో అది కనికట్టు.

రెండవది మా నాయనగారి సంగతి. ఆయన అంత్యకాలమున హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉండిరి. తెలివి వచ్చుచు పోవుచు ఉండెడిది. ముక్కులోనుండి ఆహారపు గొట్టము వేసినారు. దానిని పెరికివేయకుండ రెండు చేతులను మెత్తని గుడ్డపట్టీలతో మంచపు కడ్డీలకు కట్టిరి. ఆ చేతులే నాకు దర్భ పట్టుట నేర్పినవి. మూడవనాడు సాయంకాలము ఆయన పెదవులు కదలుచుండెను. కుడిచేతి బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ళ కణుపులమీద ఒకటొకటిగా జరుగుచుండెను. నర్సు దానిని కలవరమనుకొనినది. నాకు తెలిసినది, అది గాయత్రీజపసంఖ్య. సంధ్యాసమయమైనది.

యజుర్వేదులమైన మా సాయంసంధ్యోపస్థానములో వరుణమంత్రములు ఉన్నవి. వానిలో మొదటి మూడింటికి ద్రష్ట శునఃశేపుడే. ఎనిమిదవ యేట నేర్చిన మంత్రములవి, నిత్యము చెప్పునవి. కట్టివేయబడిన పిల్లవాడొకడు విడిపింపుమని వేడిన మాటలతో ప్రతిసాయంకాలము పడమటి దిక్కునకు మ్రొక్కుచున్నామని నేను అంతకుముందు ఒక్కనాడును తలపలేదు. ఆ మంచము ప్రక్కన తలచితిని. తలచి, చుట్టును చూచి, ఆయన కుడిచేతి కట్టు విప్పితిని.

ఆయన చేయి పైకెత్తలేకపోయిరి. నేను పట్టుకొంటిని. అర్ఘ్యమునకు నీరు లేదు, మనస్సుతోనే ఇచ్చితిమి. ఉపస్థానము నేను మెల్లగా చెప్పుచుండగా ఆయన పెదవులు నాతో కదలినవి. తరువాత ఆయన కన్నులు మూసికొనిరి. నిద్రపట్టినదనుకొంటిని. నాకును మూడు రాత్రుల నిద్ర బాకీ ఉన్నది. కట్టు మరల కట్టవలెనని తెలిసియు, కొంచెము సేపాగి కట్టుదమని కుర్చీలో వాలితిని.

అలికిడికి లేచి చూచునప్పటికి గొట్టము ఆయన చేతిలో ఉన్నది, ముక్కునుండి రక్తము వచ్చుచున్నది. నర్సు, డాక్టరు పరుగున వచ్చిరి. సర్దుబాటు చేసిన తరువాత ఆ అమ్మాయి కోపపడలేదు. పట్టీని తిరిగి కట్టుచు, "అయ్యగారూ, మేమేమన్నా ఆయనకు శత్రువులమా?" అని మాత్రము అడిగినది. ఆమె వయస్సు మా అమ్మాయి వయస్సే. ఆమె కట్టిన కట్టుకు ఒక కాలము ఉన్నది, దానిని విప్పు దినము ఆ ముందరి కాగితములో వ్రాసియే ఉన్నది. నా సూత్రము ప్రకారము అది రక్ష. విధి లేక విప్పినవాడను నేను. అయినను ఆ సంధ్యను ఆయన చేతికి అందనీయకుండ నేను ఉండగలిగి ఉండెడివాడనా అని ఇప్పటికిని ప్రశ్నించుకొనుచున్నాను. ఒకనాడు ఒక సమాధానము, మరియొకనాడు మరియొకటి. ఆయన మరి పదకొండు దినములు జీవించిరి. డాక్టరుగారు ఆ గాయమునకును మరణమునకును సంబంధము లేదనిరి. సంబంధము అను మాటలోను బంధ ధాతువే ఉన్నది.

ఇంటికి తెచ్చిన తరువాత ఆచారము చొప్పున కాళ్ళ బొటనవ్రేళ్ళు రెండింటిని దారముతో నేనే కట్టితిని. చేతులు వణకుటచేత ముడి పీటముడి పడినది. శ్మశానములో చితిమీద చేర్చినపుడు, కట్లు విప్పుమని బ్రహ్మగారు చెప్పిరి. తమ్ముడు బ్లేడు ఉన్నదేమో చూతునన్నాడు. వలదంటిని. వంగి గోటితో ఆ ముడిని వదులుచేయుచు కూర్చుంటిని. చాలసేపు పట్టినది. ఎవరును తొందరపెట్టలేదు.